స్టిఫ్, హార్డ్, టైట్, రిజిడ్: గట్టిదనం చెప్పే ఇంగ్లిషు మాటలు

వంగకపోవడం, సాగకపోవడం, గీత పడకపోవడం, వదులు కాకపోవడం, మాట వినకపోవడం. వీటన్నిటికీ ఇంగ్లిషులో వేరువేరు మాటలున్నాయి. స్టిఫ్, రిజిడ్, హార్డ్, టఫ్, బ్రిటిల్, టైట్, టాట్, ఫర్మ్, స్ట్రిక్ట్, స్టార్క్, స్టబ్బర్న్ వాటిలో ముఖ్యమైనవి. తెలుగులో సగానికి పైగా వాటిని ‘గట్టి’ అన్న ఒక్క మాటతోనే నెట్టుకొస్తాం. పాఠ్యపుస్తకాలు రాసినవాళ్ళు ‘దృఢ’, ‘కఠిన’ అనే రెండు సంస్కృత పదాలను అన్నిటికీ పంచిపెట్టి ఊరుకున్నారు. చేతిపని చేసేవాళ్ళ నోట మాత్రం బిరుసు, బిగువు, బిర్రు, చేవ, పెళుసు, జారు, మొండి అనే మాటలు ఒకదానితో ఒకటి కలవకుండా నడుస్తూనే ఉన్నాయి. ఇంగ్లిషు మాటల మధ్య తేడా పట్టుకోవడానికి నిఘంటువు కంటే ఈ పనిమాటలే ఎక్కువ అక్కరకొస్తాయి.

ఇక్కడి ఉదాహరణలు ఎక్కువగా చర్ల చుట్టుపక్కలవి. చర్ల భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో గోదావరి ఎడమ గట్టు వైపు ఉన్న మండల కేంద్రం. భద్రాచలం నుంచి దుమ్ముగూడెం మీదుగా దాదాపు 60 కిలోమీటర్లు. ఆ పైన అడవి, అడవి అవతల ఛత్తీస్‌గఢ్. సెంట్రల్ ప్రావిన్సెస్ కింద ఉండిన ఈ ప్రాంతం 20వ శతాబ్దం మొదట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోకి వచ్చింది. 1959లో తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాకు, 2016 అక్టోబరు 11న కొత్తగూడెం కేంద్రంగా ఏర్పడ్డ జిల్లాకు మారింది. పాలన ఎటు మారినా అటవీ శాఖ, కోర్టు, మిషను, దవాఖానా వెంట ఇంగ్లిషు మాటలు వస్తూనే ఉన్నాయి. కోయ, తెలుగు కలగలిసిన ఈ ఊళ్ళలో ‘టైటు’, ‘స్ట్రిక్టు’, ‘హార్డు’ బడి మొహం చూడనివాళ్ళ మాటల్లో కూడా ఇమిడిపోయాయి. ‘స్టిఫ్’ మాత్రం అంతగా పాకలేదు. దర్జీనీ, డాక్టరునీ, ఇంజినీరునీ దాటి అది పెద్దగా బయటికి రాలేదు.

‘గట్టి’ మోసే బరువు

గట్టి పెరుగు అంటే చిక్కనిది. గట్టి కర్ర అంటే వంగనిదీ కావచ్చు, విరగనిదీ కావచ్చు. గట్టిగా మాట్లాడమంటే గొంతు పెంచమని. గట్టి మనిషి అంటే ఒంట్లో బలమున్నవాడు, లేదా లెక్కల్లో మోసపోనివాడు. ఒకే మాట ఇన్ని పనులు చేస్తుంటే ఇంగ్లిషులోకి మార్చేటప్పుడు తికమక తప్పదు. విద్యార్థులు ‘హార్డ్ కర్డ్’ అని రాసేది అందుకే.

దీనికి సులువైన ఉపాయం ఎదురుమాట అడగడం. మేస్త్రీ ‘మాలు గట్టిగా ఉంది’ అన్నప్పుడు ఎదురుమాట ‘జారు’. అంటే అక్కడ కావలసిన ఇంగ్లిషు మాట స్టిఫ్. గారెల పిండికీ, చపాతీ ముద్దకూ అదే వర్తిస్తుంది. ‘నట్టు గట్టిగా ఉంది’ అంటే ఎదురుమాట ‘వదులు’, కాబట్టి టైట్. ‘నేల గట్టిగా ఉంది, నాగలి దిగడం లేదు’ అంటే ఎదురుమాట ‘మెత్తన’, కాబట్టి హార్డ్. ‘గట్టిగా మాటిచ్చాడు’ అంటే దానికి ఎదురు నాన్చడం, కాబట్టి ఫర్మ్. నాలుగు చోట్లా తెలుగు మాట ఒకటే అయినా మనసులో ఉన్న ఎదురుమాటలు నాలుగూ వేరు. తెలుగువాడికి తేడా తెలియక కాదు, దాన్ని విశేషణంలో కాకుండా సందర్భంలో దాచుకున్నాడంతే.

మాలు సంగతి వచ్చింది కనుక ఒక మాట. కాంక్రీటు జారుగా ఉంటే పోసేవాడికి సుఖం, ఇంటివాడికి నష్టం. సిమెంటుకు నీటి పాళ్ళు పెరిగేకొద్దీ గట్టిపడ్డాక దాని బలం తగ్గుతుంది. అందుకే ఇంజినీర్లు మాలును అడుగు లేని గరాటు లాంటి మూసలో కూరి, మూస పైకి తీసి, ముద్ద ఎంత కుంగిందో కొలుస్తారు. తక్కువ కుంగితే ఆ మాలును ‘స్టిఫ్’ అంటారు.

స్టిఫ్: వంచితే వంగనిది

స్టిఫ్ పాత ఇంగ్లిషు నుంచి వచ్చిన జర్మానిక్ మాట. లాటిన్‌లో కర్ర, మొద్దు అనే అర్థమున్న ‘స్టైపీస్’కు ఇది చుట్టం. అంటే మొదటి నుంచీ దీని వెనక ఉన్న బొమ్మ నిటారుగా నిలిచిన కొయ్యదే. తెలుగులో దీనికి అతి దగ్గరి మాట ‘బిరుసు’. కొత్త తోలు చెప్పు బిరుసు, గంజి పెట్టిన బట్ట బిరుసు, పంది వెంట్రుక బిరుసు. కన్నడంలో కూడా ఇదే మాట ఉంది. పాఠ్యపుస్తకాలు దీన్ని పక్కనపెట్టి ‘దృఢత’ ఎంచుకోవడం వల్ల ఒక చిక్కు వచ్చింది. దృఢం అనగానే మనకు బలం స్ఫురిస్తుంది. శాస్త్రంలో స్టిఫ్‌నెస్‌కూ బలానికీ నేరుగా సంబంధం లేదు.

ఇల్లు కట్టుకునేవాళ్ళు కొనే ఇనుప కడ్డీలతో ఇది బాగా తెలుస్తుంది. ఎఫ్‌ఈ 415, ఎఫ్‌ఈ 500, ఎఫ్‌ఈ 550 అని కడ్డీల రకాలు. ఆ అంకె ఒక చదరపు మిల్లీమీటరు మీద ఎన్ని న్యూటన్ల లాగుడు దాకా కడ్డీ శాశ్వతంగా సాగిపోకుండా తట్టుకుంటుందో చెబుతుంది. అది బలం. అయితే ఈ మూడు రకాలకూ భారతీయ ప్రమాణం ఐఎస్ 456 లెక్కగట్టే స్థితిస్థాపక గుణకం, అంటే బిరుసు కొలత, ఒక్కటే: చదరపు మిల్లీమీటరుకు 2 లక్షల న్యూటన్లు. అంటే ఒకే లావు, ఒకే పొడవు ఉన్న 415 కడ్డీ, 550 కడ్డీ కొద్దిపాటి బరువు కింద ఒకే మేరకు వంగుతాయి. బరువు తీసేస్తే రెండూ తిరిగి సాపు అవుతాయి. తేడా బరువు బాగా పెరిగాకే బయటపడుతుంది: మొదటిది వంగిపోయి ఉండిపోతుంది, రెండోది ఇంకా తిరిగి వస్తుంది. ‘ఎక్కువ అంకె కడ్డీ వంగదు’ అని దుకాణంలో చెప్పే మాట సగమే నిజం.

లాగిన కొద్దీ సాగుతుందన్న సూత్రాన్ని రాబర్ట్ హుక్ 1678లో విప్పి చెప్పాడు. థామస్ యంగ్ 1807లో ప్రచురించిన ఉపన్యాసాలతో ఈ బిరుసు కొలతకు యంగ్ పేరు స్థిరపడింది. తెలుగు పుస్తకాల్లో అది ‘యంగ్ గుణకం’. ఉక్కుకు అది దాదాపు 200 గిగాపాస్కల్స్, అల్యూమినియానికి 70, టేకుకు నిలువు పోగు వెంట 10 చిల్లర, రబ్బరుకు ఒకటిలో పదో వంతు కూడా ఉండదు. వెదురుకు నార వెంట 10 నుంచి 20 దాకా ఉంటుంది. ఉక్కు ముందు ఇది తక్కువే. అయితే వెదురు ఉక్కు కంటే దాదాపు పది రెట్లు తేలిక. బరువుకు బరువు తూచి చూస్తే రెండూ దగ్గరదగ్గరగా నిలుస్తాయి. పందిళ్ళకూ, మంచెలకూ, పైకప్పు వాసాలకూ అడవి జనం వెదురును ఎంచుకోవడం పేదరికం వల్ల మాత్రమే అనుకోనక్కర్లేదు.

ఈ అడవుల్లో ‘కంక’ అని పిలిచే సన్న వెదురుకు వృక్షశాస్త్రంలో డెండ్రోకలామస్ స్ట్రిక్టస్ అని పేరు. కోరమండల్ తీరపు మొక్కల మీద తన గ్రంథంలో విలియం రాక్స్‌బర్గ్ 1798లో దీన్ని ‘స్ట్రిక్టా’ అన్నాడు. ఆయన సామర్లకోటలో ఏళ్ళ తరబడి పనిచేసిన వైద్యుడు, వృక్షశాస్త్రజ్ఞుడు. లాటిన్‌లో ‘స్ట్రిక్టస్’ అంటే బిగించి లాగినది, నిటారైనది. మెట్ట నేలల్లో పెరిగిన కంక లోపల దాదాపు డొల్ల లేకుండా పూడిపోయి ఉంటుంది. లాఠీలకు పనికొచ్చేది అదే. ముళ్ళ వెదురు దీనికంటే లావు, లోపల డొల్ల. ఏ వెదురులోనైనా గట్టి నార చర్మం దగ్గరే దట్టంగా ఉంటుంది, లోపలికి పోయేకొద్దీ పలచబడుతుంది. అందుకే బుట్టలల్లేవాళ్ళు బద్ద చీల్చేటప్పుడు పై పొరను ఒకలా, లోపలి బెండును ఒకలా చూస్తారు. గంపకు అంచు కట్టడానికి తొక్క ఉన్న బద్ద కావాలి. లోపలిది తడికలకూ, పొయ్యిలోకీ పోతుంది. వంకర తిరిగిన కర్రను సెగ మీద కాచి, రెండు మొద్దుల మధ్య ఇరికించి, చల్లారేదాకా పట్టి ఉంచితే సాపు అవుతుంది. వేడికి మెత్తబడిన కర్ర చల్లారాక తిరిగి బిరుసెక్కుతుంది.

సారపాకలో కొలిచే స్టిఫ్‌నెస్

స్టిఫ్‌నెస్ అనే మాటను రోజూ పలికే పెద్ద కార్ఖానా ఈ దరిదాపుల్లోనే ఉంది. భద్రాచలం నుంచి వంతెన దాటితే బూర్గంపాడు మండలం సారపాక. అక్కడి కాగితపు అట్టల మిల్లు ‘భద్రాచలం పేపర్‌బోర్డ్స్’ పేరుతో 1979లో ఉత్పత్తి మొదలుపెట్టింది. 2002లో ఐటీసీలో కలిసిపోయింది. కాగితానికీ అట్టకూ తేడా బరువులో చెబుతారు గానీ, అట్ట కొనేవాడు నిజంగా కొనేది దాని బిరుసునే. మందుల డబ్బా, సబ్బు డబ్బా బీరువాలో ఒకదానిమీద ఒకటి పేర్చినా కుంగకూడదు. నింపే యంత్రంలో మూత మడత సరైన చోటే పడాలి.

కొలిచే పద్ధతి చూడటానికి చిన్నపని. అట్టలో నుంచి కొలత ప్రకారం ఒక ముక్క కత్తిరిస్తారు. ఒక అంచును బిగించి, రెండో కొసను తోస్తూ 15 డిగ్రీలు వంచుతారు. అంత వంచడానికి ఎంత బలం పట్టిందో యంత్రం చూపిస్తుంది. గదిలో ఉష్ణోగ్రత 23 డిగ్రీలు, గాలిలో తేమ 50 శాతం ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం. గోదావరి ఒడ్డున శ్రావణ మాసపు గాలిలో కొలిస్తే అదే అట్ట మెతకగా తేలుతుంది.

ఈ కొలతలో తెలుసుకోదగ్గ సంగతులు రెండు. యంత్రం మీద గుజ్జు పారుతున్నప్పుడు నారలు ఎక్కువగా పారే దిక్కుకే పడుకుంటాయి. అందుకే అట్టకు ఆ దిక్కున ఉన్న బిరుసు అడ్డదిక్కున ఉన్నదానికి దాదాపు రెండింతలు ఉంటుంది. ఇంట్లో పడేసిన డబ్బాను విప్పి, చదరంగా కత్తిరించి, రెండు వైపులా వంచి చూసినా ఈ తేడా వేళ్ళకు తెలుస్తుంది. రెండోది మందం లెక్క. మందం రెట్టింపు అయితే బిరుసు రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లవుతుంది. దీన్ని ఆసరా చేసుకునే అట్టను పొరలు పొరలుగా చేస్తారు. పైనా కిందా గట్టి గుజ్జు, మధ్యలో ఉబ్బుగా ఉండే తేలిక గుజ్జు. మధ్య పొర పని మందం ఇవ్వడమే. పైకప్పుకు వేసే ఐ ఆకారపు ఇనుప దూలం కూడా ఇదే కిటుకు మీద నిలుస్తుంది. డొల్ల వెదురు ఈ పని ఎప్పటినుంచో చేస్తోంది.

హార్డ్, టఫ్, బ్రిటిల్

హార్డ్ అంటే గీత పడనిది, నొక్కు పడనిది. ఫ్రీడ్రిక్ మోస్ 1812లో ఖనిజాలను ఒకదానితో ఒకటి గీసి వరస పెట్టాడు. మెత్తని బలపపు రాయి ఒకటో మెట్టు, వజ్రం పదో మెట్టు. వజ్రం హార్డ్, స్టిఫ్ రెండూ. టఫ్ మాత్రం కాదు, సుత్తితో సరైన చోట కొడితే పగులుతుంది. విరిగే ముందు ఎంత దెబ్బ మింగగలదో చెప్పేది టఫ్. తెలుగులో వజ్రాన్ని తలుచుకుంటే ‘కఠినం’ అంటాం, చింత మొద్దును తలుచుకుంటే ‘మొండి’ అంటాం. రెండోదే టఫ్‌కు దగ్గర. మాంసం కొట్టేవాళ్ళు చింత మొద్దునే వాడేది ఎన్ని వేట్లు పడినా అది బద్దలు కాదు గనక.

బ్రిటిల్ విరగగొట్టడం అనే అర్థమున్న పాత ఇంగ్లిషు క్రియ నుంచి పుట్టిన మాట. దీనికి తెలుగులో తిరుగులేని మాట ఉంది: పెళుసు. ఇది ఎంత ఖరీదైన గుణమో తునికాకు కాలంలో తెలుస్తుంది. చర్ల, దుమ్ముగూడెం అడవుల్లో ఎండాకాలంలో ఈ ఆకు కోత కొన్ని వారాల పాటు సాగుతుంది. 50 ఆకులు ఒక కట్ట. అలాంటి వెయ్యి కట్టలు లెక్కకు ఒక ప్రామాణిక సంచి. కట్టలను కల్లంలో వరసలుగా పేర్చి ఎండబెడతారు. పచ్చి ఉంటే బూజు పడుతుంది, కనుక ఆకు బాగా ఎండాలి. అలా ఎండిన ఆకును అలాగే సంచిలో కూరితే పొడిపొడి అవుతుంది. అందుకని సంచి కట్టే ముందు నీళ్ళు చిలకరించి మెత్తబరుస్తారు. బీడీ చుట్టేవాళ్ళు కూడా చుట్టే ముందు ఆకును తడుపుకుంటారు. ఒకే ఆకు పచ్చిగా మెత్తన, ఎండితే పెళుసు, తడిపితే మళ్ళీ చుట్టుకు వంగేంత సాగుడు. ఇంగ్లిషులో ఈ మూడో స్థితికి ప్లయబుల్, సపుల్ అనే మాటలున్నాయి.

కొయ్య విషయంలో తెలుగుకు ఇంగ్లిషు కంటే మంచి మాట ఉంది. చెట్టు నడిమి ముదురు కొయ్యను ఇంగ్లిషువాళ్ళు ‘హార్ట్‌వుడ్’ అంటారు. అది చెట్టు లోపలి భాగం పేరు మాత్రమే. మన ‘చేవ’ భాగం పేరూ అవుతుంది, గుణం పేరూ అవుతుంది. మద్ది దూలం కొనేవాడు చేవ ఎంతుందో చూసి బేరమాడతాడు. మనిషికి చేవ ఉందంటే నిలబడి చేయగలడని, చేవ చచ్చిందంటే ఇక లాభం లేదని.

‘పేపరు టఫ్‌గా వచ్చింది’ అనే పరీక్షల మాట, ‘టఫ్ ఫైట్’ అనే ఎన్నికల మాట తెలుగులో స్థిరపడ్డాయి. తెలుగు పత్రికలు రెండో దానికి ‘గట్టి పోటీ’, ‘నువ్వా నేనా’ అని రాస్తాయి. రెండూ బాగానే కుదిరాయి.

టైట్, టాట్: లాగి బిగించినవి

టైట్ మొదట్లో దట్టమైనది, సందు లేనిది అని అర్థమిచ్చేది. నీరు దిగని పడవకు వాడేవారు. తర్వాత బిగుతుకు మళ్ళింది. టాట్ అంటే తాడు, తోలు లాంటివి లాగి పట్టడం వల్ల వచ్చే బిగువు. తెలుగు, కన్నడాలు రెండింటిలోనూ ఉన్న ‘బిగి’ టైట్‌కు నేరుగా సరిపోతుంది. టాట్‌కు తెలంగాణ వాడుకలోని ‘బిర్రు’ సరిపోతుంది. డప్పు కొట్టేవాళ్ళు ముందుగా చితుకుల మంట వేసి డప్పును కాస్తారు. వేడికి తోలులోని తేమ పోయి, చట్రం మీద బిర్రుగా లాగుకుంటుంది. అప్పుడు వేలితో మీటి వింటారు. మోత మొద్దుగా ఉంటే ఇంకా కాయాలి, ఖణేల్‌మంటే చాలు. వాన చినుకు పడితే మళ్ళీ మెత్తబడుతుంది. శాస్త్రం ‘టెన్షన్’ అనేది దీన్నే. తోలు బిగువు పెరిగితే మోత స్థాయి పెరుగుతుంది. మనసులో పడే ‘టెన్షన్’ కూడా లాగడం అనే అర్థమున్న అదే లాటిన్ ధాతువు నుంచి వచ్చింది.

కడుపు బిర్రుగా తినడం, చొక్కా బిర్రుగా ఉండటం అంటుంటాం. లోపలి నుంచి నిండి బిగిసినదానికి కూడా బిర్రు చెల్లుతుంది. టాట్‌కు ఇంత వెసులుబాటు లేదు.

టైట్ తెలుగులో బాగా తిరిగింది. బోల్టు టైటు చేస్తారు, చేతిలో డబ్బులు టైటుగా ఉంటాయి, తాగినవాడు ‘ఫుల్ టైటు’. ఈ చివరిది మన సృష్టి అనుకునేవాళ్ళున్నారు. తాగి ఉండటాన్ని టైట్ అనడం ఇంగ్లిషు యాసలో 19వ శతాబ్దం నుంచే ఉంది. ‘టైట్ సెక్యూరిటీ’ మాత్రం చర్ల మీద వార్తలు చదివేవాళ్ళకు వేరే రూపంలో తెలుసు. ఛత్తీస్‌గఢ్ సరిహద్దు మండలం కావడంతో పత్రికల్లో ‘కట్టుదిట్టమైన భద్రత’, ‘పటిష్ఠ బందోబస్తు’ అనే మాటలు ఈ ఊరి పేరు పక్కన తరచు కనిపిస్తాయి. కట్టు, దిట్టం రెండూ బిగింపును చెప్పేవే. అనువాదమని తెలియనంతగా కుదిరిన మాట ఇది.

రిగర్: చలిజ్వరం నుంచి జైలు దాకా

లాటిన్ ‘రిగర్’ అంటే బిగుసుకుపోవడం, ముఖ్యంగా చలికి. ఈ ఒక్క మాట నుంచి ఇంగ్లిషులోకి వచ్చిన పిల్లలు ఆసుపత్రిలో, కోర్టులో, తరగతి గదిలో వేరువేరుగా స్థిరపడ్డారు.

మలేరియా ఏజెన్సీకి పాత శత్రువు. చలితో ఒళ్ళంతా కుదిపేసే వణుకును డాక్టర్లు ‘రిగర్స్’ అని రాస్తారు. బిగుసుకుపోవడం అనే అర్థమున్న మాట వణుకుకు ఎలా వచ్చిందని అనిపించవచ్చు. చలికి కండరాలు బిగిసి వదులుతూ ఉండటమే వణుకు. జనం ‘చలిజ్వరం’ అంటారు. అది ఇంకా పొందికైన పేరు.

జ్వరంతో పాటు మెడ వంగకపోతే సంగతి వేరు. ‘మెడ పట్టేసింది’ అని మనం తలగడ సరిగా లేక వచ్చిన నొప్పికీ అంటాం, పెద్ద జబ్బుకూ అంటాం. డాక్టరు ‘నెక్ స్టిఫ్‌నెస్’ అని రాసేటప్పుడు చూసేది ఒకటే: వెల్లకిలా పడుకోబెట్టి తల కింద చెయ్యి వేసి ఎత్తితే గడ్డం రొమ్ముకు ఆనుతుందా లేదా. ఆనకపోతే మెదడు పొరల వాపు ఉందేమో చూడాలి. జ్వరం, తలనొప్పి, వాంతులు, మెడ బిగుసుకోవడం కలిసి వచ్చినప్పుడు నూనె రాసి ఊరుకోకూడదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. కీళ్ళవాతంలో ‘మార్నింగ్ స్టిఫ్‌నెస్’ మరో రకం. నిద్ర లేవగానే వేళ్ళు ముడుచుకోవు. అరిగిన మోకాలికైతే కాసేపట్లో సర్దుకుంటుంది. రుమటాయిడ్ రకంలో గంట, అంతకు మించి కూడా పడుతుంది. ఈ నిడివిని డాక్టరు అడిగి రాసుకుంటాడు. ఇక ధనుర్వాతం. దవడలు బిగిసి, వీపు విల్లులా వంగే ఈ జబ్బుకు మన వైద్యులు పెట్టిన పేరులో రోగి రూపమే ఉంది. ఇంగ్లిషు వాడుకలోని ‘లాక్‌జా’ దవడ దగ్గరే ఆగిపోయింది. బాలింతల, నవజాత శిశువుల ధనుర్వాతాన్ని నిర్మూలించిన దేశంగా భారత్‌కు 2015లో గుర్తింపు వచ్చింది.

ప్రాణం పోయాక శరీరం కొయ్యబారడం ‘రిగర్ మార్టిస్’. కండరం వదులవడానికి కావలసిన రసాయన ఇంధనం ఆగిపోవడం దీనికి కారణం. కొద్ది గంటల్లో కనురెప్పలు, దవడ దగ్గర మొదలై, దాదాపు 12 గంటలకు ఒళ్ళంతా పాకి, తర్వాత వచ్చిన వరసలోనే వదులుతుంది. వేడి ప్రాంతాల్లో త్వరగా వచ్చి త్వరగా పోతుంది. శవానికి ఇంగ్లిషు యాసలో ‘స్టిఫ్’ అనే పేరుంది. మన ‘నీలుక్కుపోయాడు’ కూడా అలాంటి మొరటు మాటే. నీలగడమంటే కాళ్ళూ చేతులూ బిగదన్నడం.

కోర్టు తీర్పుల్లోని ‘రిగరస్ ఇంప్రిజన్‌మెంట్’ ఈ కుటుంబంలోదే. 1860 నాటి భారతీయ శిక్షా స్మృతి 53వ సెక్షన్ దాన్ని కష్టమైన పని చేయించే జైలుగా వివరించింది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత కూడా ఆ విభజనను ఉంచింది. తెలుగులో ‘కఠిన కారాగార శిక్ష’. ఇది వింటే గోడలు గట్టివో, వార్డర్లు కఠినులో అనిపిస్తుంది తప్ప పని చేయాలన్నది స్ఫురించదు. హిందీలో వాడే ‘సశ్రమ్’ ఈ విషయంలో నిక్కచ్చిగా ఉంది. జేమ్స్ బ్రైస్ రాజ్యాంగాలను రిజిడ్, ఫ్లెక్సిబుల్ అని విడదీశాడు. మన సివిక్స్ పుస్తకాలు వాటిని ‘దృఢ, అదృఢ’ అన్నాయి. అదృఢం అంటే బలహీనం అనే ధ్వని వస్తుంది. ఫ్లెక్సిబుల్ బలహీనత కాదు, సులువుగా మార్చుకోగలగడం. మన రాజ్యాంగం 368వ అధికరణం ప్రకారం కొన్ని మార్పులకు పార్లమెంటులో ప్రత్యేక మెజారిటీ చాలు, మరికొన్నిటికి సగం రాష్ట్రాల ఆమోదం కూడా కావాలి. ఇంకొన్ని మామూలు మెజారిటీతోనే మారిపోతాయి. అందుకే దాన్ని రెండు గుణాలూ ఉన్నదిగా చెబుతారు.

ఫర్మ్, స్ట్రిక్ట్, స్టార్క్

ఫర్మ్ లాటిన్ ‘ఫిర్మస్’ నుంచి వచ్చింది. వ్యాపార సంస్థను ఫర్మ్ అనడం వేరే దారిలో జరిగింది. ఇటాలియన్‌లో ‘ఫిర్మా’ అంటే సంతకం. సంతకంతో ఒప్పందం గట్టిపడుతుంది కనుక, ఆ సంతకం పేరు మీద నడిచే వ్యాపారం కూడా ఫర్మ్ అయింది. రైలు టికెట్ ‘కన్ఫర్మ్’ అయిందనే మాటలో ఉన్నదీ ఇదే. స్ట్రిక్ట్ కూడా బిగించి కట్టడమే: కంక వెదురు శాస్త్రీయ నామంలోని మాట, స్ట్రిక్టు మాస్టారి మాట ఒక్కటే.

స్టార్క్ పాత ఇంగ్లిషులో బిరుసు, బలం అనే అర్థాలిచ్చేది. ఇప్పుడు ఆ అర్థం దాదాపు పోయి ‘పూర్తిగా’, ‘బోడిగా’ అనే అర్థాలు మిగిలాయి. అయితే దాని తోబుట్టువు మన ఇస్త్రీ బల్ల దాకా వచ్చింది. అదే స్టార్చ్, అంటే బిరుసెక్కించేది. తెలుగులో గంజి అన్నం నుంచి వచ్చిన ద్రవం. ఇంగ్లిషులో స్టార్చ్ అది చేసే పని. గంజిలోని పిండిపదార్థం పోగుల మధ్య చేరి, ఆరినప్పుడు వాటిని అతికి పట్టుకుంటుంది. ఇస్త్రీ వేడికి ఆ పొర సాపు అవుతుంది. మగ్గం నేసేవాళ్ళు పడుగుకు గంజి పెట్టేది బిరుసు కోసం కాదు. అచ్చులో రాపిడికి పోగు లేవకుండా, తెగకుండా ఉండటానికి. ఖద్దరు చొక్కాకు గంజి పెట్టేది మాత్రం అచ్చంగా బిరుసు కోసమే. నాయకుడి ఠీవిలో కొంత వాటా చాకలిది.

మనుషులకు అంటగట్టినప్పుడు

వస్తువు గుణాన్ని మనిషికి అంటించేటప్పుడు ఏ అవయవాన్ని పట్టుకుంటారన్నది భాషకో తీరు. ఇంగ్లిషులో ‘స్టిఫ్-నెక్డ్’ అంటే మెడ వంచని మొండివాడు. ఇది హీబ్రూ బైబిలు నుంచి వచ్చిన ప్రయోగం, కాడికి మెడ వంచని ఎద్దు దీనికి మూలం. తెలుగు బైబిలు మెడను వదిలేసి ‘లోబడనొల్లని’ అనే అర్థాన్నే తీసుకుంది. చర్ల పక్కనున్న దుమ్ముగూడెంలో చర్చి మిషనరీ సొసైటీ తరఫున పనిచేస్తూ 1870లలో కోయల మీద, వారి మాటల మీద ‘ఇండియన్ ఆంటిక్వరీ’లో రాసిన జాన్ కేన్ లాంటివాళ్ళు ఇలాంటి తెలుగు బైబిళ్ళనే పట్టుకుని ఊళ్ళు తిరిగారు. తెలుగు తనంతట తాను ఎంచుకున్న అవయవం తల. అందుకే ‘తలబిరుసు’. అయితే తలబిరుసులో పొగరు పాలు ఎక్కువ. మొండితనం పాలు ఎక్కువైతే ‘మొండిపట్టు’, మంచి పనికైతే ‘పట్టుదల’. ఇంగ్లిషులో స్టబ్బర్న్‌కూ ఫర్మ్‌కూ మధ్య ఉన్న గీత ఇక్కడ పట్టుకూ పట్టుదలకూ మధ్య ఉంది.

‘స్టిఫ్ అప్పర్ లిప్’ ఆంగ్లేయుల గుణంగా పేరుపడింది గానీ, ఆ మాట ముందు అచ్చులో కనిపించింది 19వ శతాబ్దం మొదట్లో అమెరికాలో. కష్టం వచ్చినా పైపెదవి వణకనివ్వకుండా ఉండటం అని అర్థం. తెలుగులో దీనికి ‘గుండె దిటవు చేసుకోవడం’ సరిపోతుంది. లోపల వణుకుతూ పైకి అలా కనిపిస్తే ‘బింకం’ అంటాం. మరీ ముభావంగా, మర్యాద గీత దాటకుండా ప్రవర్తించేవాణ్ణి ఇంగ్లిషులో స్టిఫ్ అంటారు. తెలుగులో ‘బిగుసుకుని కూర్చున్నాడు’, ఇంకాస్త కోపంగా అయితే ‘బెట్టు చేస్తున్నాడు’, ‘నిక్కుతున్నాడు’.

అనువదించేవాళ్ళను ఇబ్బంది పెట్టేవి స్టిఫ్ చేరిన జంట మాటలే. స్టిఫ్ కాంపిటిషన్ గట్టి పోటీ. స్టిఫ్ ఫైన్ మాత్రం గట్టి జరిమానా కాదు, భారీ జరిమానా. స్టిఫ్ క్లైంబ్ నిట్టనిలువు ఎక్కుడు. స్టిఫ్ డ్రింక్‌లో నీళ్ళు తక్కువ, ఘాటు ఎక్కువ. భయంతో స్టిఫ్ అయినవాడు కొయ్యబారిపోతాడు. చలితో అయినవాడి చేతులు కొంకర్లు పోతాయి. విసుగుతో ‘బోర్డ్ స్టిఫ్’ అయినవాడికి తెలుగులో బిగుసుకోవడం కుదరదు, ప్రాణం విసిగిపోవాల్సిందే. వార్తల గదుల్లో ఈ జాబితా కళ్ళముందు లేకపోతే ‘గట్టి జరిమానా’, ‘కఠిన పోటీ’ అచ్చులోకి జారిపోతుంటాయి. ‘కఠిన పోటీ’ ఇప్పటికే క్రీడల పేజీల్లో కనిపిస్తోంది.